రెండు తాళ్ళ ఆదివారం

ఏటిమొగపాళెం,
బోగోలు మండలం,
20 జనవరి 2025.

ప్రభువునందు ప్రియుడైన చిరంజీవి బెన్హర్‌కు,

సముద్రపు ఒడ్డున నివసించువారును, మెట్ట పొలములు దున్నుకొనువారును ఒకే సంఘముగా కూడిన దినమును జ్ఞాపకము చేసికొనుటకై మన పెద్దలు నియమించిన రెండు తాళ్ళ ఆదివారము నలువది రెండవ పర్యాయము రానున్నది. ఏప్రిల్ పదమూడు, మట్టల ఆదివారము. ఆ ఉదయము మెట్టవారు తమ కొబ్బరి మోకును, పాళెమువారు తమ వలతాడును ఏటి గట్టునకు తెత్తురు. సంఘపెద్ద ఆ రెంటిని ముడివేయును. ఒక కొస గట్టుమీది గుంజకు, మరియొక కొస ఏటి నడుమ లంగరు వేసిన పడవకు కట్టబడును. బాప్తిస్మము పొందగోరువారు ఆ తాడు పట్టుకొని, నడుము లోతు నీటిలో పాస్టరు గారి యొద్దకు నడిచిపోవుదురు. సగము దూరము ఒకరి తాడు, సగము దూరము మరొకరి తాడు. ఎవరి తాడు తనను మోసినదో నడిచినవాడు ఎంచకుండుటయే ఈ ఆచారమునకు అర్థము.

ఇంతవరకు సంఘపెద్దగా వ్రాశాను. ఇక మీదట నీకు బడిలో తెలుగు చెప్పిన క్రీస్తురాజుగా వ్రాస్తాను.

నీవు పాళెం విడిచి తొమ్మిది నెలలు దాటింది. చిరునామా నీ భార్య ఆనందకుమారి ఇచ్చింది. ఇచ్చేముందు "ఆయనతో మీకేం పని, అయివోరా" అని అడిగింది. నేను చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

నిరుడు జరిగినది తిరిగి వ్రాయడం నీకు బాధ, నాకూ బాధ. గుంజ దగ్గర తాడు బిగువు పట్టే పని నీది. తాడు వదులైంది, మూడవదిగా నడుస్తున్న మెర్లిన్‌ను నీరు ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు లాక్కుపోయింది, నీవు దూకి తెచ్చావు, ఆ పిల్ల నాలుగు రోజులు నెల్లూరు ఆసుపత్రిలో కళ్ళు తెరవలేదు. తాడు వదులు కాకముందే నీవు గుంజ విడిచి పరుగెత్తావని చూసినవారు పదిమంది చెప్పారు. నీవు కాదనలేదు. తాడు వదులైనది అందువల్లనేనని, బెన్హర్ ఇకమీదట ఈ తాడు ముట్టరాదని పెద్దల కమిటీ తీర్మానించింది.

ఇప్పుడు సంగతి ఇది. ఈ ఏడు బాప్తిస్మానికి నీ కుమార్తె అబిగయీలు పేరు ఇచ్చింది. ఇస్తూ పాస్టరు సుశీల్ కుమార్ గారితో, "మా నాయన గుంజ దగ్గర నిలబడితేనే నేను నీళ్ళలో దిగుతాను" అన్నది. ఆయన తీర్మానం గుర్తుచేశారు. "అయితే నా పేరు కొట్టేయొద్దు, అట్నే ఉండనీండి" అని వెళ్ళిపోయింది.

తాడు విషయంలో ఈసారి నేను ఏ లోపమూ రానివ్వదలచుకోలేదు. లావైన కొబ్బరి మోకును, సన్నని నైలాన్ తాడును కలిపే ముడి ఒకటి మీ వారికి తెలుసు. అది నాకు నేర్పు. గురువు శిష్యుణ్ణి అడగడం శాస్త్రానికి కొత్త కాదు.

నీ మేలు కోరే,
క్రీస్తురాజు


గూడూరు, నిమ్మకాయల మండీ,
2 ఫిబ్రవరి.

అయివారికి బెన్హర్ వందనములు చేసి రాయునది.

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివినాను. మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి నచ్చలేదు. తప్పుగా అనుకోవద్దు.

ఇక్కడ నేను నిమ్మకాయల బస్తాల మూతులు కుడుతున్నాను. సముద్రం వాసన రాదు. అది నాకు బాగానే ఉంది.

మీరు అడిగిన ముడి కట్టి ఈ కవరులో పెట్టినాను. లావుగా ఉండేది జనపతాడు, సన్నది ప్లాస్టిక్ తాడు. దాన్ని విప్పకుండా ఎదురుగా పెట్టుకుని, ఇంకో రెండు తాళ్ళతో ఇట్లా చేయండి. లావుతాడు కొసను వెనక్కి మడిచి ఎడమచేత పట్టుకోండి. మెలిక వేయొద్దు, ఉత్త మడత. మడతకు రెండు కాళ్ళు ఉంటాయి, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. సన్నతాడు కొసను మడత లోపల కిందినుంచి పైకి తీయండి. పైకి వచ్చినదాన్ని పొట్టికాలు వైపు తిప్పి, రెండు కాళ్ళ వెనకగా పోనిచ్చి, పొడుగుకాలు వైపు నుంచి ముందరికి తెండి. ఇప్పుడు దాన్ని మళ్ళీ మడతలో దూర్చకండి. అది తన కిందనుంచే తాను పోవాలి. నైలాన్ అయితే వెనకగా రెండు చుట్లు తిప్పండి. వంగేది ఎప్పుడూ లావుతాడే. సన్నతాడును వంచి లావుతాడును చుట్టబోతే నిలవదు.

నాదొక ప్రశ్న. మీ అరుగుకు ఎదురుగా వలలు బాగుచేసేవాళ్ళు ఇరవైమంది కూర్చుంటారు. వలలో ప్రతి కన్నుకూ ఉండేది ఇదే ముడి. రెబెక్కమ్మవ్వ అయితే కళ్ళు మూసుకుని వేస్తుంది. గుమ్మం ముందర ఇన్ని వేల ముడులు ఆరేసి ఉంటే, మీరు గూడూరుకు ఎందుకు రాసినారు?

అబిగయీలు సంగతి ఇంట్లోవాళ్ళు చెప్పినారు. దాని గురించి మీరు రాయవద్దు.

ఇట్లు,
బెన్హర్


ఏటిమొగపాళెం,
12 ఫిబ్రవరి.

చిరంజీవి బెన్హర్‌కు శుభములు.

నీ ముడిని నా వ్రాతబల్ల మీద, దీపం పక్కన పెట్టుకున్నాను. వారం రోజులుగా దాని ఎదుట విద్యార్థిని. పద్యపాదంలో యతి తప్పితే నా చెవి తక్షణం పట్టుకుంటుంది. ముడి తప్పితే పట్టుకునే ఇంద్రియం నాకు లేదని డెబ్బై నాలుగవ ఏట తెలిసింది. కట్టినప్పుడల్లా అది నీ ముడిలాగే కనిపిస్తుంది. లాగినప్పుడు మాత్రం సగంసార్లు నా చేతిలో రెండు తాళ్ళు మిగులుతున్నాయి.

నిన్న అరుగు మీద కూర్చుని కడుతుండగా రెబెక్కమ్మ చూసింది.

"ఏంది అయివోరా, ఈ వయసులో ఎద్దును కొన్నారా? పగ్గం పేనతా ఉండారు."

"లేదమ్మా, ఏదో కాలక్షేపం."

"కాలక్షేపానికి మీకు పద్యాలుండాయి గదా. తాడు మాకు ఇడిచిపెట్టండి."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె పక్కన వల సర్దుతున్న మనుమరాలు మెర్లిన్ నవ్వలేదు. నా ముఖం కేసి కాక, నా చేతుల కేసి చూసింది. నేను తాడును పంచె మడతలో పెట్టుకుని లోపలికి వచ్చేశాను.

నీ ప్రశ్నకు జవాబు: నీ చేతి పనిమీద నాకు నమ్మకం. అంతే అనుకో.

ఇందులో రెండు ముడులు పంపుతున్నాను. ఒకటవది నీవు చెప్పినట్టు నేను కట్టినది. తప్పుంటే దిద్దు. రెండవది మా మెట్టవాళ్ళు మోకులు కలిపే పాత ముడి. కుడి మీద ఎడమ, మళ్ళీ కుడి మీద ఎడమ. దానిని పోల్చి చూచుటకు మాత్రమే పంపుతున్నాను.

క్రీస్తురాజు


గూడూరు,
22 ఫిబ్రవరి.

అయివారికి వందనములు.

మొదట పని సంగతి. ఒకటో నెంబరు తప్పు. పొట్టి కొసలు రెండూ ఒకే వైపు ఉండాలి. మీ దాంట్లో ఒకటి ఇటు, ఒకటి అటు ఉన్నాయి. అంటే సన్నతాడును మీరు ముందు పొడుగుకాలు వైపు తిప్పినారు. చూసేదానికి అచ్చం అట్లాగే ఉంటుంది. పెద్ద తాళ్ళతో మీలాగే కట్టి నిమ్మకాయల బస్తా వేలాడదీసినాను. పట్టింది. నీళ్ళు పోసి అటూ ఇటూ ఊపితే జారిపోయింది. ఎండలో పట్టి నీళ్ళలో జారేది ముడి కాదు. ముందు పొట్టికాలు. ఇది మరవకండి.

పోయినసారి ఉత్తరం వేసేటప్పుడు పోస్టాఫీసులో అమ్మాయి కవరు నొక్కి చూసి, "ఏముందన్నా ఇందులో, తాయెత్తా?" అనింది. "కాదమ్మా, పాఠం" అన్నాను. ఆ పూట నేనూ నవ్వినాను.

ఈసారి కవరు విప్పినాక నవ్వలేదు. రెండో నెంబరు ముడి చేతిలో పట్టుకుని బస్తాల మీద కూర్చుండిపోయినాను. మండీ ఓనరు "ఏం బెన్హర్, ఇంట్లో ఎవరికన్నా బాగలేదా" అని అడిగినాడు.

పోల్చి చూచుటకు అని రాసినారు. దేనితో పోల్చేది, అయివారూ? ఆ ముడిని నేను ఇంతకుముందు చూసినాను. ఎక్కడ చూసినానో మీకు తెలుసు. తెలిసే పంపినారు. పంపి, తెలియనట్టు రాసినారు.

మీరు చిన్నప్పుడు మాకు చెప్పేవారు, అడగదలచినది నేరుగా అడగమని. నేను నేరుగా అడుగుతున్నాను. మీకేం కావాలి?

ఇంకో మాట. నా కూతుర్ని ఆ తాడు మీదికి దించవద్దు. నేను వచ్చి ఆపలేను కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను.

బెన్హర్


ఏటిమొగపాళెం,
3 మార్చి.

బెన్హర్,

రెండు లేఖలలో దాచినది ఈ లేఖలో వ్రాస్తున్నాను. చదివి చించివేసినా నీ ఇష్టం.

నేను సంఘపెద్దనై పన్నెండేళ్ళు. మొదటి పదకొండేళ్ళూ పాళెంవారు తెచ్చినదీ కొబ్బరి తాడే. గరుకూ గరుకూ కలిసి నా ముడిని నిలిపాయి. నా చేయి నిలిపిందని నేను అనుకున్నాను. నిరుడు మొదటిసారిగా నైలాన్ తాడు వచ్చింది. అది కొత్తది, నున్ననిది, సన్ననిది. నేను దానిని చూడనైనా లేదు. ప్రార్థనలోని వాక్యాలు కూర్చుకుంటున్నాను.

మెర్లిన్ ఆసుపత్రిలో ఉన్న మూడవ రోజున మా పెరటి బావిలో చేద తాడుకు బట్టలారేసే నైలాన్ తాడును నా పద్ధతిలో ముడివేసి, బకెట్ దించాను. మొదటి తోడు వచ్చింది. రెండవసారి సగం దాకా వచ్చి, చేతిలో బరువు లేకుండా పోయింది. బకెట్ మునిగిన చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తున్నది. తాడు తెగలేదు. ముడి విడిపోయింది.

అప్పటినుంచి నాకు తెలుసు. తెలిసిన వారం రోజులకు కమిటీ కూర్చుంది. తీర్మానం వ్రాసినది నేను. పాస్టరు గారు 'అజాగ్రత్త' అని చెప్పబోతే, 'అశ్రద్ధ' అన్నమాట ఘనంగా ఉంటుందని దిద్దినదీ నేనే. నీ మీద పడిన నిందకు భాష కూడా నేనే సమకూర్చాను.

ఎదురింటి వలల మధ్య ఈ ముడి అడగలేకపోవడానికి కారణం ఇదే. ఎందుకని వారు అడుగుతారు. ఆ ఎందుకు అనే మాటకు నేను భయపడ్డాను.

ఇక నా ప్రార్థన. ఇది ఇప్పుడు బయటపడితే పాళెంవారు ఊరుకోరు. మెట్టవాడి తప్పు తమవాడి మీద రుద్దారని సంఘం విడిచిపోతారు. నలభై రెండేళ్ళ కూడిక విడిపోతుంది. ఏప్రిల్ పదమూడు గడవనీ. ఆ మరుసటి ఆదివారం నేనే లేచి చెబుతాను. ఇందుకు నీ సమ్మతి కావాలి.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు. తాడు వదులు కాకముందే నీవు ఎందుకు పరుగెత్తావు?

క్రీస్తురాజు


గూడూరు,
10 మార్చి.

అయివారికి,

నా సమ్మతి లేదు.

మీరు అడిగినదానికి జవాబు రాస్తాను. ఇది ఆనందకుమారికి కూడా చెప్పలేదు.

మీరు ప్రార్థన చేస్తూ ముడి వేస్తున్నారు. నేను గుంజ దగ్గర ఉన్నాను. మన మధ్య నాలుగు అడుగులు. కుడి మీద ఎడమ వేసినారు. మళ్ళీ కుడి మీద ఎడమ వేసినారు. నైలాన్ తాడు అట్లా నిలవదు. మా ఇళ్ళల్లో ఆరేళ్ళ పిల్లకు తెలుసు ఆ సంగతి. నేను నోరు తెరిచినాను. మీరు కళ్ళు మూసుకుని ఉన్నారు. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. అయివారు కట్టిన ముడిని సంఘం ముందర నేను విప్పేదా అనుకున్నాను. నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత తాడు మీదినుంచి కన్ను తీయలేదు. మొదటి ఇద్దరు పోయినారు. మెర్లిన్ ముడి దాటేటప్పుడు సన్నతాడు కొస పొట్టిదవుతూ కనిపించింది. బెత్తెడు, రెండు వేళ్ళు, ఒక వేలు. అప్పుడు పరుగెత్తినాను. అందుకే తాడుకంటే ముందు నేను కదిలినాను. చూసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు.

మీరు దిద్దిన ఆ మాట చదివి వినిపించినప్పుడు, అది నాకు సరిపోతుందని అనుకున్నాను. చూసి చెప్పనివాడిది అశ్రద్ధ కాక ఇంకేమిటి? అందుకని ఊరు విడిచినాను. మిమ్మల్ని కాపాడేదానికని అనుకోవద్దు. నేను అంత మంచివాణ్ణి కాదు.

కానీ ఇప్పుడు మీరు కోరేది వేరే. నిరుడు మీకు తెలియక జరిగింది. ఈసారి అన్నీ తెలిసి, పదిమందిని అదే ఏట్లోకి దించి, ఆ తర్వాత చెప్తామంటున్నారు. మళ్ళీ ఏదన్నా అయితే చెప్పేదానికి మీకు నోరు వస్తుందా? సంఘం చీలుతుందని రాసినారు. చీలితే చీలనీండి. పట్టులేని ముడి మీద నా బిడ్డ నడిచేదానికంటే అదే మేలు.

మార్చి ఆఖరు ఆదివారం వరకు చూస్తాను. మీరు చెప్పకపోతే నేను వచ్చి చెప్తాను. మీదీ నాదీ, రెండూ.

బెన్హర్


ఏటిమొగపాళెం,
24 మార్చి.

బెన్హర్‌కు,

నిన్న ఆరాధన ముగిసే ముందు లేచి నిలుచున్నాను. వ్రాసి తెచ్చుకున్న నాలుగు పుటలు జేబులోనే ఉండిపోయాయి. "నిరుడు తాడు వదులైనది బెన్హర్ చేత కాదు, నా ముడి చేత. అది నాకు మూడవ రోజునే తెలుసు. తెలిసే తీర్మానం వ్రాశాను" అన్నాను. నా జీవితంలో అలంకారం లేకుండా మాట్లాడిన మొదటి ప్రసంగం అది.

 తరువాత మీ తోడల్లుడు చిన్నబాబు లేచాడు.

"ఏడాదిపాటు మా అన్నను మాతోనే తిట్టించినారు గదా, అయివోరా."

అతడు నా వైపు ఒక అడుగు వేశాడు.

"ఆయన ఇంటికి మేం నీళ్ళు తాగేదానికి కూడా పోలా. ఆయన పిల్లను మా పిల్లలు పలకరించలా. ఆ మాటలన్నీ యాడికి పోతాయి ఇప్పుడు?" అని, తన కుటుంబాన్ని లేపాడు. అతడి వెనుక పాళెం వైపు బెంచీలు సగం లేచాయి. పాస్టరు గారు చేతులు పైకెత్తి ఏదో అంటున్నారు, వినిపించడం లేదు. నేను భయపడినదే నా కళ్ళ ముందు జరుగుతున్నది.

అప్పుడు మెర్లిన్ లేచింది.

"అందరూ కూర్చోండి. నీళ్ళు తాగింది నేను."

తలుపు దాకా వెళ్ళినవాళ్ళు ఆగారు.

"నేను ఇంతవరకు ఎవరినీ ఏమీ అడగలా. ఇప్పుడు అడుగుతా. ఈసారి కూడా ముడి ఆయనే కట్టాల."

"ఏందే నీకు పిచ్చా" అన్నాడు చిన్నబాబు.

"ఇంకొకరి చేత కట్టిస్తే ఆయన ఇంటికాడ కూర్చుని ఏడుస్తాడు, అంతటితో తీరిపోతుంది. అట్టా వద్దు. నా ఎదురుగా కట్టాల. బెన్హర్ మామ సరిచూడాల. నేను లాగి చూస్తా. అప్పుడు దిగేవాళ్ళు దిగుతారు, లేనోళ్ళు లేదు."

బయటికి పోబోయినవారు అందరూ కూర్చున్నారని వ్రాయలేను. చిన్నబాబు, మరి నాలుగు కుటుంబాలు వెళ్ళిపోయారు. తక్కినవారు ఉన్నారు. తీర్మానం కొట్టివేయబడింది. గీత నా చేతనే గీయించారు. పెద్దరికం విడుస్తున్నానంటే, ఆ ఆదివారం ముడి వరకు ఉండమన్నారు.

ముంగిట్లో రెబెక్కమ్మ ఆపింది. "పంచెలో దాచుకున్న తాడు ఇదేనా, అయివోరా? నన్ను అడిగుంటే ఒక్క పూటలో నేర్పేదాన్ని. తిట్టేదాన్ని, అయినా నేర్పేదాన్ని." నేటి ఉదయం నుంచి వారి వలల మధ్యనే కూర్చుంటున్నాను. పొడుగుకాలు వైపు పోతే వల అల్లే సూదితో వేళ్ళ మీద కొడుతున్నది. బడిలో మిమ్మల్ని నేను కొట్టిన దెబ్బలన్నీ ఆమె తీర్చుకుంటున్నదని ఆడవాళ్ళు పకపక నవ్వుతున్నారు.

నీ విషయం నేను చెప్పలేదు. అది చెప్పవలసిన నోరు నాది కాదు.

అబిగయీలు నిన్న మా ఇంటికి వచ్చి, "మా నాయన వస్తాడా, తాతా?" అని అడిగింది. తెలియదన్నాను. వస్తావా?

క్రీస్తురాజు


గూడూరు,
4 ఏప్రిల్.

అయివారికి వందనములు.

మీరు చెప్పినారని చిన్నబాబు ఫోన్ చేసి చెప్పినాడు. ఏడ్చినాడు. తిట్టినాడు కూడా, మిమ్మల్ని సగం, నన్ను సగం. వాడు ఆ రోజు గట్టుకు వస్తాడో రాడో నేను మాట ఇవ్వలేను.

నేను వచ్చేదీ ఇప్పుడే చెప్పలేను. ఆ ఏరు కళ్ళముందు ఆడితే బస్తా కుట్టే సూది పక్కన పెట్టేస్తున్నాను. అబిగయీలుకు వస్తాడని చెప్పవద్దు, రాడని చెప్పవద్దు.

నేను లేకపోయినా ఇవి మానవద్దు. ఈసారి కూడా పున్నమి పక్కనే పడింది, పోటూ పాటూ ఎక్కువుంటాయి. నీళ్ళు సముద్రంలోకి లాగేటప్పుడు ఎవరినీ దించవద్దు, ఏరు నిలకడగా ఉన్నప్పుడు మొదలుపెట్టి తొందరగా ముగించండి. కట్టే ముందు తాళ్ళు రెండూ నానబెట్టండి. వెనకగా రెండు చుట్లు. కొసలు జానెడేసి వదలండి. ఆరుగురు అటు, ఆరుగురు ఇటు పట్టి లాగండి.

నేను వస్తే ఒకటి చేస్తాను. మీరు కట్టినది విప్పుతాను. అందరి ముందర విప్పుతాను. దానికి మీకు సమ్మతమేనా? మీ జవాబు కోసం ఆగను. మీరు ఆలోచించుకుని ఉండండి.

బెన్హర్


ఏటిమొగపాళెం,
22 ఏప్రిల్.

ప్రియమైన బెన్హర్‌కు,

నీవు చూసినదానినే తిరిగి నీకు వ్రాస్తున్నాను. ఈ లేఖ నకలు ఒకటి తాళ్ళతో పాటు సంఘం పెట్టెలో ఉంచమని పాస్టరు గారు అడిగారు. నిరుడు తప్పు వ్రాసిన చేయి గనుక, పెట్టెలో పెట్టేముందు నీవు చదివి దిద్దాలి.

ఏప్రిల్ పదమూడు ఉదయం ఏడు గంటలకు మెట్టవారి మోకు, పాళెంవారి నైలాన్ తాడు గట్టుకు వచ్చాయి. నైలాన్ తాడు తెచ్చినవాడు చిన్నబాబు. ఎవరితోనూ మాట్లాడక దానిని నా పాదాల దగ్గర పడవేసి దూరంగా నిలుచున్నాడు. గుంజ దగ్గర ఎవరూ లేరు. అబిగయీలు తెల్లచీరతో, ఏటి వైపు కాక బిట్రగుంట రోడ్డు వైపు చూస్తూ ఉన్నది.

తాళ్ళు నానాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు తెరుచుకుని కట్టాను. మెర్లిన్ నా ఎదుట గొంతుక్కూర్చుని ఒక్కొక్క మలుపూ చూసింది. కట్టడం ముగిసేటప్పటికి నా ముందు ఇసుక మీద ఒక నీడ పడింది. రైలు దిగి నడిచి వచ్చిన దుమ్ము నీ కాళ్ళ మీద ఇంకా ఉంది.

నీవు ముడిని చూడలేదు. జనం వైపు తిరిగావు. "నిరుడు వేసిన ముడి తప్పని నేను చూసినాను. చూసి చెప్పలేదు" అన్నావు. రెబెక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. మెర్లిన్ నీ ముఖం కేసి చాలాసేపు చూసి, "నువ్వు కూడానా మామా" అన్నది. "నేను కూడానే" అన్నావు. ఆ పిల్ల తాడు తీసి నీ చేతికి ఇచ్చింది.

నీవు ముడి విప్పావు. ఒక్కొక్క మలుపూ వెనక్కి తీసి, రెండు తాళ్ళూ వేరుచేసి నా ముందు పెట్టావు.  

"ఎక్కడ తప్పింది?" అన్నాను.

"తప్పలేదు, అయివారూ. సరిగ్గానే కట్టినారు."

"మరి?"

"అయివారు కట్టినదైనా విప్పొచ్చని అందరూ చూడాల. నేనూ చూడాల. మళ్ళీ కట్టండి."

రెండవసారి తొందరపడ్డాను. కొస పొడుగుకాలు వైపు పోయింది. వెంటనే వెనుకనుంచి నాలుగు గొంతులు "పొట్టికాలు, పొట్టికాలు" అన్నాయి. అందులో ఒకటి చిన్నబాబుది. దిద్దుకున్నాను. నీవు చూశావు. మెర్లిన్ లాగింది. ఆరుగురు అటు, ఆరుగురు ఇటు లాగారు.

తొమ్మిదిమంది నడిచారు. అబిగయీలు ఐదవది. ముడి దగ్గర కాలికింద ఇసుక జారి ఒక్క క్షణం ఆమె బరువంతా తాడు మీద పడింది. తాడు బిగిసి, ముడిలోంచి నీరు పిండినట్టు కారింది.  నీవు గుంజ విడవలేదు. తాడు మీదినుంచి కన్నూ తీయలేదు. ఆమె కాలు నిలదొక్కుకుని, వెనుదిరిగి నిన్ను చూసి, ముందుకు నడిచింది.

నీవు సాయంత్రం బండికే గూడూరు వెళ్ళిపోయావు. మండీ సీజను ముగిశాక వస్తానన్నావని ఆనందకుమారి చెప్పింది. చిన్నబాబు ఇంకా నాతో మాట్లాడడు. మొన్న ఈస్టరు కూడికలో నా పక్క బెంచీలో మాత్రం కూర్చున్నాడు. పెద్దరికం విడిచాను. వచ్చే ఏడు ముడి మెర్లిన్ కడుతుంది.

ఈ పెట్టె తెరచి ఈ లేఖ చదువబోవు వారలారా, ఈ తాళ్ళు మీ కాలమునకు ఏ నూలుతో పేనబడునో మాకు తెలియదు. వానిని చేతబట్టినప్పుడు కొత్తవానిని కొత్తవిగా చూచు కన్నులు మీకు కలుగును గాక. మీరు కట్టిన ముడిని విప్పి చూడగలవారు మీ ప్రక్కనే పుట్టి పెరుగుదురు గాక. వారు చేయి చాచినప్పుడు మీరు తాడు వారికి అందింతురు గాక. ఆ నీటిలో దిగిన మీ బిడ్డలందరును, ఒక్కరైనను తప్పక, ఒడ్డు చేరుదురు గాక.

ఆమేన్.

క్రీస్తురాజు